నిమిషానికి నలభై ఆరు

ఆ దర్జీ పది నెలల కిందట రెండంతస్తులెక్కితే రొప్పుతూ గోడ పట్టుకునేవాడు. అప్పుడే పరుగు మొదలుపెట్టాడు. మొదటి పది కిలోమీటర్ల పందెంలో అందరికన్నా చివర వచ్చినా మానలేదు.

మారథాన్ రోజు పొద్దున అతను మంచం దిగకముందే, నర్సుగా పనిచేసే భార్య నాడి పట్టుకుని గడియారం చూసింది. మళ్లీ లెక్కపెట్టింది.

“ఏంటే, ఆగిపోయిందా?”

“శుభమా అని బయల్దేరుతూ ఆ మాటలేంటి! నలభై ఆరండీ. అప్పట్లో ఎనభై ఎనిమిది ఉండేది. పరిగెత్తీ పరిగెత్తీ గుండె బలపడింది. ఇరవై ఏళ్లుగా నాడి చూస్తున్నాను, జబ్బు లేనివాళ్లలో ఇంత నిదానమైన గుండె నా చేతికి తగల్లేదు.”

అతను ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎంత తీరిక! తనకు తెలియకుండానే లోపల ఇంత పని జరిగిపోయిందా అని ఒళ్లు జలదరించింది.

ఆ రోజు ఆరు గంటలు పట్టినా, నలభై రెండు కిలోమీటర్లూ పరిగెత్తాడు.