ఎడంచేతి డాలు

ఇనపచొక్కా మా అమ్మాయి శాంతకు నేనే తొడిగాను. చిన్న చిన్న ఇనప కడియాలు అల్లిన చొక్కా. ఎత్తితే తడిసిన గోనెసంచిలా వేలాడింది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇక్కడి సిపాయిలు అలాంటివే తొడిగేవారట. ఆ కాలపు యుద్ధాన్ని ఇప్పటి జనం సెలవురోజున ఆడుకుంటారు. కత్తులకు పదును ఉండదు. దెబ్బలు మాత్రం దెబ్బలే.

"ఊపిరి ఎలా ఉందే?" అన్నాను.

"బానే ఉంది నాన్నా."

బాగా లేదు. మార్చిలో దానికి కరోనా వచ్చింది. దాన్ని చూసిపోదామని జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ వచ్చిన నేను, విమానాలు ఆగిపోయి దాని ఇంట్లోనే ఉండిపోయాను. సెప్టెంబరు వచ్చినా దాని నాలుకకు రుచి తెలియడం లేదు. అది మెట్లెక్కి తలుపు పట్టుకుని నిలబడిపోవడం చూస్తూనే ఉన్నాను.

"మీ జట్టు పెద్ద ఉన్నాడే, యోర్గ్. అతనికి చెప్పావా?"

"చెప్తే నన్ను గుడారంలో గంజి కలపమంటాడు. ఏడాదంతా దీనికోసమే చూశా. నువ్వూ చెప్పకు. అయినా నీకు జర్మన్ ముక్క రాదుగా, నాకేం భయం!"

"పేరేమో శాంత."

"మీ అమ్మ పేరు పెట్టుకుంది నువ్వేగా." మాస్కు సర్దుకుని, పైన ఇనపటోపీ పెట్టుకుంది. "చేతకాకపోతే ఎడంచెయ్యి ఎత్తుతాలే. ఎత్తితే ఎవరూ కొట్టరు. సరేనా?"

తలూపాను. అది తాడు దాటి కోట కింది పచ్చికలోకి వెళ్ళింది.

కొమ్ము ఊదారు. రెండు వరసలు ఢీకొన్నాయి. మొదట బాగానే ఆడింది. తర్వాత దాని మోకాళ్ళు వంగుతున్నట్టు కనిపించింది. కాసేపటికి ఎడంచెయ్యి లేచింది.

ఆ చేతికి డాలు కట్టి ఉంది.

చేత్తోపాటు డాలూ లేచింది. తల కాచుకుంటోంది కాబోలనుకుని ఎదుటివాడు డాలు మీద గట్టిగా కొట్టాడు. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ కొట్టాడు. మాట ఇచ్చినప్పుడు దానికీ తోచలేదు, నాకూ తోచలేదు.

"ఆగే!" అని అరిచాను. "ఆగే తల్లీ! ఆగే!"

అందరూ కొయ్యబారిపోయారు. కొట్టినవాడు కత్తి పారేసి రెండు చేతులూ మొహానికి పెట్టుకున్నాడు. నేను తాడు కింద దూరి వెళ్ళేసరికి యోర్గ్ దాని టోపీ, మాస్కు లాగేసి, రెప్పలెత్తి కళ్ళు చూస్తున్నాడు. ముందు ఒకటి, తర్వాత రెండోది. దాని పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

ఊపిరాడక చస్తుంటే కళ్ళు చూస్తాడేమిటి! అతన్ని పక్కకు తోశాను. నడుము పటకా విప్పి, దాన్ని ముందుకు వంచి, చొక్కా తలమీదుగా లాగాను. కడియాలు గలగలమంటూ గడ్డిలో కుప్పపడ్డాయి. రెండు మూడు ఎగశ్వాసల తర్వాత ఊపిరి అందింది.

"ఔగె? ఔగె?" అంటూ యోర్గ్ తన కన్ను చూపిస్తూ నన్నడుగుతున్నాడు.

శాంత దగ్గుతూనే నవ్వింది. "ఔగె అంటే వీళ్ళకి కన్ను, నాన్నా. నీ 'ఆగే' విని, నా కన్ను పోయిందని అరిచావనుకున్నారు."

"కన్ను బానే ఉందని చెప్పు."

"అంతేనా?"

నేను దాని వీపు నిమిరాను. అది గడ్డిలోని చొక్కా వైపు కాసేపు చూసింది. తర్వాత అతనితో జర్మన్‌లో ఏదో చెప్పింది. అందులో నాకు తెలిసింది ఒక్కటే మాట, కరోనా.

యోర్గ్ లేచాడు. గుడారంలోకి వెళ్ళి పెద్ద కర్రగరిటె తెచ్చి దాని ఒళ్ళో పెట్టాడు.

శాంత నావైపు ఉరిమి చూసింది.

"ఉప్పు నువ్వే చూడాలి" అంది.