ఒక్క పేజీకే తేదీ

లిఫ్టుల రిపేరు పుస్తకాలు తయారుచేసే కంపెనీలో మా ఆయన పేజీలు రాస్తాడు, నేను డేటాబేస్ చూసుకుంటాను. ఒక్కో పేజీ ఒక్కో ఎక్స్‌ఎంఎల్ ఫైలు. మెకానిక్కులు వాటిని ట్యాబ్‌లో చదువుకుంటూ పని చేస్తారు. నా తమ్ముడూ మెకానిక్కే. సోమవారం వాడి కుడిచెయ్యి లిఫ్టు బ్రేకులో పడి నలిగిపోయింది.

"ముందు కరెంటు తీసెయ్యమని పేజీలో లేదక్కా," అన్నాడు ఆస్పత్రిలో. మంగళవారం రాత్రి ఇంట్లో ఆ పేజీ తీసి చూస్తే మొదటి వాక్యమే అది. చదవకుండా చెయ్యి పెట్టాడని తేల్చేస్తే వాడి ఉద్యోగం ఊడుతుంది, పరిహారమూ రాదు.

"కంగారులో చూసుకుని ఉండడులే," అన్నాడు మా ఆయన, వాడికి తోడుగా ఆస్పత్రికి బయల్దేరుతూ.

ఏ పేజీ ఎప్పుడు మారిందో మా డేటాబేస్ దానంతటది గుర్తుపెట్టుకోదు. ఆ సెట్టింగు మనమే వెయ్యాలి. విసుగెత్తి కిందటి వారమే వేశాను, ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికో మీటింగు పెడతారు మా పెద్దలు. అప్పటినుంచి మార్చినవాటికే తేదీ పడుతుంది, పాతవి ఖాళీగా ఉంటాయి.

బుధవారం ఆఫీసుకెళ్లి బ్రేకుల భాగంలో పేజీలన్నీ తీసి చూశాను. తేదీలన్నీ ఖాళీ. తమ్ముడు చదివిన పేజీకి మాత్రం తేదీ ఉంది. మంగళవారం సాయంత్రం. ఆ భాగాన్ని మార్చే అనుమతి ఒక్క మా ఆయనకే ఉంది.

పిలిచి తెర చూపించాను.

"మన దాంట్లో తేదీలు ఉండవు కదా," అన్నాడు.

ముందు వచ్చిన మాట అదీ. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ వాక్యం రాయడం మర్చిపోయాను. వాడి చెయ్యి ఎలాగూ తిరిగి రాదు. నా ఉద్యోగం కూడా పోవాలా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషిని చూస్తే భయమేసింది అప్పుడే.

అంతలో తమ్ముడి ఫోను. "అక్కా, నువ్వింకేం వెతక్కు. మా కంపెనీవాళ్లు వచ్చారు. తప్పు నాదేనని ఎడంచేత్తో సంతకం పెట్టేస్తున్నా. గొడవపడితే మీ ఇద్దరికీ ఇబ్బందని బావ చెప్పాడు."

"పెట్టకురా," అన్నాను, మా ఆయన కళ్లలోకే చూస్తూ. "పేజీలో ఆ వాక్యం లేదు. నిన్న సాయంత్రం చేర్చారు. చేర్చింది మీ బావే."



"రాత్రి తెల్లవార్లూ నా పక్కనే కూర్చున్నాడే అక్కా," అన్నాడు.