ఉప్పు తగినంత

కోడలు వంట నేర్చుకుంటున్న రోజుల్లో ఆ ఇంట్లో ఒకే ప్రశ్న, ఒకే జవాబు.

"ఉప్పెంత వెయ్యాలత్తయ్యా?"

"తగినంత."

అత్తగారికి చెంచాలతో పనిలేదు, వేళ్ళే ఆవిడ తూకం. ఆ తగినంత చేతికి చిక్కేలోపు ఎన్ని కూరలు పాడయ్యాయో మామగారికే తెలుసు. ఆయన పల్లెత్తు మాట అనకుండా చెంబుడు నీళ్ళు తాగి లేచేవారు.

కోడలి ఉద్యోగమూ ఉప్పుతోనే. ఉప్పుమడుల నీళ్ళలో బతికే బాక్టీరియాను పట్టి, అది ఏ కుటుంబానిదో, దేనికి ఏమవుతుందో తేల్చాలి. చాలావాటికి ముందే ఎవరో పేరు పెట్టేసి ఉంటారు. ఈసారి గులాబీ రంగుది ఒకటి దొరికింది. జన్యువుల్ని పోల్చి చూస్తే, అన్నిటికన్నా దగ్గర చుట్టంతో కూడా పెత్తల్లి కూతురి పోలికే తప్ప తోడబుట్టిన పోలిక లేదు. అంటే కొత్త జాతి.

"ఆ పురుక్కి నా పేరు మాత్రం పెట్టకే," అంది అత్తగారు.

"పురుగు కాదత్తయ్యా. కంటికే కనపడదు."

"మరీ అన్యాయం."

పేరు నిలవాలంటే రెండు దేశాల్లోని సూక్ష్మజీవుల భద్రాలయాలు అది తమ దగ్గర బతికి ఉందని ధ్రువపత్రం ఇవ్వాలి. ఒకటి ఇచ్చేసింది. రెండోదాని నుంచి ఫోను వచ్చింది.

"మీది పోయిందమ్మా," అన్నాడు అక్కడ స్థిరపడిన తెలుగు పెద్దాయన, బస్సు వెళ్ళిపోయిందన్నంత మామూలుగా.

మరో జట్టు కూడా దీన్నే పట్టిందని, వ్యాసం రాస్తోందని కోడలు అప్పటికే విన్నది. ముందు అచ్చయినవాళ్ళదే పేరు. అనుమతులు తెచ్చి మళ్ళీ నమూనా పంపేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

"ఉప్పెంత వేశారండీ?"

"మీరు చెప్పినంతే. తగినంత."

"నేనా?"

"మొన్న ఫోన్లో అడిగితే అదేగా అన్నారు. నేను ఇన్నేళ్ళూ సముద్రపు జీవుల్ని పెంచినవాణ్ణి. నాకు తగినంత అంటే సముద్రమంత."

గుర్తొచ్చింది. అప్పుడామె పొయ్యి దగ్గరుంది. ఉప్పెంత అనగానే, చదువుతో సంప్రదించకుండా నోరే జవాబిచ్చేసింది. సముద్రమంత ఉప్పు ఈ జీవికి చప్పిడి పథ్యం. అందులో ఉబ్బి పగిలిపోతుంది.

"ఇంకేమైనా మిగిలిందా?"

"మీరు పంపినవాటిలో ఒక్క గాజు గొట్టం, ఇంకా తెరవలేదు."

"లీటరుకి రెండు వందల గ్రాములు వెయ్యండి."

"పెంచమంటారా, ఊరబెట్టమంటారా?"

"వెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

తరువాత వేచి ఉండటమే. ఉప్పు మరిగినవి నిదానంగా పెరుగుతాయి, తొందరపెడితే వినవు. ఆ రోజుల్లో ఆమె కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది, ఒకసారి అసలు వెయ్యలేదు. అత్తగారు ఏనాడూ అబద్ధం చెప్పలేదు, ఎవరికి తగినంతో చెప్పలేదంతే. ఏది ఎంత ఉప్పులో బతుకుతుందో కనుక్కోవడమే తన వృత్తి. ఆ ఒక్క ప్రశ్నా పెద్దాయన అడిగితే, తను వంటింటి జవాబిచ్చింది.

చివరికి ఫోను మోగింది.

"గులాబీ చుక్కలు లేచాయమ్మా, ధ్రువపత్రం పంపిస్తున్నా," అన్నాడు పెద్దాయన. "ఉప్పు సరిపోయింది."

ఆ సాయంత్రం కూరలు తరుగుతున్న అత్తగారికి కొత్త జీవి పేరు చదివి వినిపించింది.

"నోరు తిరగడం లేదు. ఏం భాష?"

"లాటిన్."

"అర్థం?"

"తగినంత."

అత్తగారు తరిగిన ముక్కల్ని నీళ్ళలో వేసింది.

"వద్దన్నా వినకుండా నా పేరే పెట్టావన్నమాట," అంది.