మూడో తలుపు దగ్గర ఎర్రచుక్కలు

పెద్దాయన ఇరవై ఏడో పెట్టెను తోపుడుబండి మీదికి ఎక్కిస్తుండగా గోడ మీది కొత్త తెర వెలిగింది. పింగాణీ సామాను గోదాము పటం అది. మూడు నెలల్లో పగిలిన ఒక్కో పెట్టెకూ ఒక్కో ఎర్రచుక్క. మొదటి తలుపు దగ్గర నాలుగు, రెండో తలుపు దగ్గర ఆరు. మూడో తలుపు దగ్గర చీమలు పట్టినట్టు ఎరుపు. ముప్పై ఏళ్లుగా ఆ తలుపు ఆయనది.

ఇలాగే పగులుతుంటే అక్కడ మనిషిని మారుస్తామని మేనేజరు పొద్దున్నే చెప్పి వెళ్లాడు. ఈ తెర తన కొంప ముంచడానికే పెట్టారనుకున్నాడాయన. తన చేతిలో పెట్టె పగలడమా! పెళ్లినాడు పెళ్లాం చెయ్యైనా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

అనుమానం రెండో తలుపు మీదికి పోయింది. అక్కడ పనిచేసేది సొంత బావమరిది. పొద్దుటినుంచీ వాడు దగ్గినా తిరిగి చూశాడు. మధ్యాహ్నానికి ఉండబట్టలేక అడిగేశాడు.

"నిజం చెప్పరా. నువ్వు పగలగొట్టినవి తెచ్చి నా తలుపు దగ్గర పెడుతున్నావు కదూ?"

"మతి గానీ పోయిందా బావా? అక్కకు చెప్పమంటావా?"

ఆయన విసవిసా తెర దగ్గరికి వెళ్లి, అక్కడ బల్ల ముందున్న, పటం గీసిన ఆఫీసు అమ్మాయి పక్కన కూర్చున్నాడు.

"వాడు సెలవు పెట్టిన రోజులు చూపించమ్మా."

చూపించింది. ఆ రోజుల్లోనూ మూడో తలుపు దగ్గర ఎరుపు తగ్గలేదు. అమ్మాయి పటాన్ని ఇంకా పెద్దది చేసింది. ఎడమవైపు అరలన్నీ తెల్లగా ఉన్నాయి. ఎరుపంతా కుడివైపే. ఏ పెట్టె ఎక్కడ పగిలిందో చీటీలు రాసింది ఆయనే. అన్నేసి చీటీలు రాసినా ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

"బండి కుడిమూల తగులుతున్నట్టుందండీ. మీకు ఆ పక్క సరిగ్గా కనిపిస్తోందా?"

"నా కళ్లకేమమ్మా, దివ్యంగా ఉన్నాయి," అంటూనే అరచేత్తో ఎడమకన్ను మూసుకున్నాడు. తెర లేదు. అమ్మాయి లేదు. అంతా బూడిదరంగు మసక.

సిగ్గుతో ఆయన తల వాలిపోయింది. లేచి తన బండి తోసుకుంటూ రెండో తలుపు దగ్గరికి నడిచాడు. బావమరిది ముఖం తిప్పుకున్నాడు.

"పగలగొట్టింది నేనేరా. నాకు కుడికన్ను కనబడటం లేదు." బండి పిడి వాడి చేతిలో పెట్టాడు. "రేపట్నుంచి నా తలుపు నువ్వే చూసుకో."

"తలుపు సంగతి తర్వాత. ముందు డాక్టరు దగ్గరికి పద బావా."

ఇద్దరూ గేటు దాటారు. బావమరిది ఆయనకు కుడిపక్కన నడిచాడు.

తెర ముందు బల్ల మీద, ఇందాక కూర్చున్న ఆయన కుడిమోచేతికి ఆనేంత దగ్గరలో అమ్మాయి పెట్టిన టీగ్లాసు, ఆయన చూడనే చూడని ఆ నిండుగ్లాసు, మీగడ కట్టి చల్లారిపోయింది.