నలభై నిమిషాల నీలం

గ్లవ్‌బాక్స్ అద్దానికి అటువైపు నా సీనియర్ మునిశేఖర్ అన్న నిలబడి ఉన్నాడు, ఇటువైపు నేను, నా రెండు చేతులూ దాని నల్ల రబ్బరు తొడుగుల్లో మోచేతుల దాకా ఇరుక్కుని ఉన్నాయి, వెనక్కి తీయబోతే లోపలినుంచి ఆయన నా వేళ్ళు పట్టుకుంటున్నాడు. గాలీ తేమా సోకకుండా నైట్రోజన్ నింపి ఉంచే పెట్టె అది, మా ల్యాబులో బల్లంత ఉంటుంది, ఇప్పుడేమో లోపల ఒక వీధే ఉంది, వీధి పొడుగునా ఫోన్ తెరలు వేలాడుతున్నాయి, ఒక్కదానిలోనూ నీలం రంగు లేదు.

"లోపల ఊపిరెలా ఆడుతోందన్నా?" అంటాను, అడగాల్సింది అది కాదని తెలిసే.

"సచ్చినోనికి ఊపిరితో ఏం పని పాపా?" అని నవ్వుతాడు. కామెర్లతో పోయి పది నెలలైంది, మనిషి మాత్రం చక్కగా ఉన్నాడు. "నా నీలం ఎందుకు ఆరిపాయ? అది చెప్పు."

మూడేళ్ళు కూర్చుని ఆయన తయారుచేసిన పదార్థం అది, కరెంటు తగిలితే నీలంగా వెలిగేది, గాలి సోకితే పాడయ్యేది, తెరలకి ఎరుపూ ఆకుపచ్చా ఎలాగో కుదురుతాయి, ఆ నీలమే నిలవక అందరినీ ఏడిపిస్తుంది, ఆయనదీ నలభై నిమిషాలకే నల్లమచ్చలు పడి ఆరిపోయింది. తన అణువులోనే లోపమనుకుని ఆయన ఆ పనే మానేశాడు. నా థీసిస్ నాలుగో అధ్యాయంలో నేనూ అదే రాశాను, ఆయనది నిలవదు, నాది నిలుస్తుంది అని.

"నన్ను బయటికి రానీ," అంటాడు, నా కుడిచెయ్యి వదిలి. పెట్టెకి పక్కనే ఒక చిన్న అర, లోపలి తలుపు తీసేముందు ఆ అరలో గాలి లాగేసి నైట్రోజన్ నింపాలి, మూడుసార్లు. వాల్వు తిప్పుతాను, ఒత్తిడి చూపే ముల్లు పడి మళ్ళీ లేస్తుంది, ఒకటి, ఇంకోసారి తిప్పుతాను, రెండు, ఇంతలో ల్యాబు మధ్యలోకి మా హాస్టల్ బస్సు వచ్చి ఆగి హారన్ కొడుతుంది, నా చెయ్యి కదలదు.

"ఆ దినం గూడా ఇక్కడ్నే నిలిపేసినావా?"

"నిలిపేశాను. నీ పదార్థం పూసిన గాజుపలకలు లోపలికి పంపింది నేనే. బస్సు పోతుందని రెండుసార్లతో ఆపేశాను. ఆక్సిజన్ మీటరు లేచింది, చూశాను కూడా. నీకు చెప్పలేదు. మొదట సిగ్గేసిందన్నా, తర్వాత భయమేసింది."

"నా చేతుల్లోనే ఏందో తప్పుందనుకుంటి," అంటాడు మెల్లగా. తిట్టినా బాగుండేది.

"క్షమించన్నా."

"నన్నడిగి ఏం లాభం? నేనేమన్నా నీ వైవాకి వస్తానా?" వేళ్ళు నొప్పెట్టేలా నొక్కుతాడు. "గట్టిగా చెప్పు, బయటోళ్ళకి వినపడాల."

"మూడోసారి చేయలేదు!"

"ఏది చేయలేదు, హిమజా?"

మా గైడ్ వైదేహి మేడమ్ ఎదురుగా నిలబడి ఉంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ల్యాబు బల్లమీదే తల పెట్టుకుని నిద్రపోయానట. ఆవిడ చేతిలో నా థీసిస్, సంతకం పెట్టడానికి తెచ్చుకున్న పెన్ను. ఏదో పీడకల మేడమ్ అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

లేచి, అలమరలోంచి పాత లాగ్‌బుక్ తీసి, ఆ రోజు పేజీ ఆవిడ ముందు తెరిచాను. మునిశేఖర్ అన్న శాంపిల్ పక్కన మూడుసార్లూ గాలి లాగినట్టు నా చేత్తో పెట్టిన టిక్కులు మూడున్నాయి. మా ల్యాబులో రాసింది చెరపకూడదు, తప్పయితే అడ్డగీత గీసి తేదీ వేయాలి. మేడమ్ దగ్గర పెన్ను అడిగి తీసుకుని, మూడో టిక్కు మీద గీత గీసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టాను.