కాగితానికో గాలి, మనిషికో గాలి

రామ్లిని కాగితం ఫ్యాక్టరీ గేటు బయటికి నెట్టేశారు. కాంట్రాక్టర్ దామోదర్ సద్ది డబ్బాను ఆమె వెనకాలే విసిరికొట్టాడు. మూత ఊడి జొన్నరొట్టెలు ఎల్లారెడ్డి రోడ్డు మీద పడ్డాయి. పనికొచ్చిన ఆడవాళ్ళంతా చూశారు. గంగామణి కూడా చూసింది, చూసి తలొంచుకుని లోపలికి పోయింది. ఏం చేస్తుంది మరి? పని పోతుందంటే ఎవరికైనా భయమే.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది మామూలు కాగితం కాదు. పెద్ద పెద్ద ఫోటోలు, చిత్రకారుల బొమ్మలు అచ్చువేసే ఖరీదైన సరుకు. దూది నారతో చేసిన మందపాటి కాగితం చుట్టలుగా వస్తుంది. సిలికా అనే మెత్తటి తెల్ల పొడిని, జిగురు పొడిని నీళ్ళలో వేసి చిలికి, ఆ చిక్కటి పాలను కాగితమంతా ఒకే మందాన పూసి, వేడిగాలి సొరంగంలో ఆరబెడతారు. సిరా చుక్క పక్కకు పాకకుండా ఆ పూతే పట్టేసుకుంటుంది. తడి పూత మీద ఒక్క నలుసు పడిందా, కాగితం చెత్తకుప్పకే. అందుకే పూత గదికి వడగట్టిన గాలి. అక్కడ పనిచేసే గంగామణికి టోపీ, మూతికి మాస్కు. ఆమె మీద ప్రేమతో ఇచ్చారనుకునేరు! ఆమె తుంపర కాగితం మీద పడకూడదని ఇచ్చారు.

గోడకు అవతల పొడి కలిపే గది. రామ్లి, సత్యమ్మ బస్తాలు విప్పి కుమ్మరించేది అక్కడే. దుమ్ము లాగే ఫ్యాను చెడిపోతే బాగుచేయించిన నాథుడు లేడు. కొంగే వాళ్ళ మాస్కు. నిన్న దగ్గు ఆగక రామ్లి ఒక పని చేసింది. తెల్లారి వాకిట్లో పేడనీళ్ళ సానిపి చల్లినట్టు గచ్చు మీద చెంబుతో నీళ్ళు చల్లింది. దుమ్మయితే అణిగింది గానీ, నీళ్ళు మూతి విప్పిన జిగురు బస్తాలో చిందాయి. పొడి గడ్డకట్టి తొట్టిలో కరగలేదు. పూత నిండా బొబ్బలు. "కావాలనే చేసింది!" అన్నాడు దామోదర్.

మధ్యాహ్నం అందరూ గేటు దగ్గర పోగయ్యారు. చువ్వల అవతల రామ్లి ఇంకా నిలబడే ఉంది.

"రామ్లిని తీసుకోవాలె, ఫ్యాను పెట్టాలె. అప్పటిదాంక పని బంద్!" అన్నది సత్యమ్మ.

"బంద్ అంటే ఆటనా?" పూత మిషను నడిపే బాబూలాల్ కసిరాడు. అతనిదీ రామ్లి తండాయే. "పచ్చి పూత మీద మిషను ఆపితే చుట్టంత ఖరాబైతది. నన్ను జైల్ల ఏస్తరు. మీ గది లొల్లి మాకెందుకు? మా గదిల గాలి మంచిగనే ఉంది."

గంగామణికి కడుపు మండిపోయింది. పొద్దుటి సిగ్గు కూడా ఆ మంటలో కలిసింది. మాస్కు లాగి పారేసింది.

"గా గాలి నీదనుకుంటున్నవా అన్నా? అది కాగితానిది! కాగితం పీల్చంగ మిగిలింది మనం పీలుస్తున్నం. గట్లయితే రామ్లిని గూడ ఆ గదిలకే తోల్కపోదాం. ఏమైతదో సూద్దాం!"

వాచ్‌మన్ మైసన్న "నా నౌకరి పోతదే" అని గొణిగాడు, గొణుగుతూనే గేటు గడియ తీశాడు. దుమ్ము కొట్టుకుపోయిన చీరలతో ఆడవాళ్ళంతా రామ్లిని వెంటబెట్టుకుని పూత గదిలోకి నడిచారు. బాబూలాల్ తిరుగుతున్న మిషను దగ్గరికి పోయి నిలబడ్డాడు.

దామోదర్ పరుగెత్తుకొచ్చాడు. "దుమ్ము! దుమ్ము! బయటికి నడువుండ్రి! కాగితం ఖరాబైతది!"

"మా పాణాలు ఖరాబైతుంటే ఎన్నడన్న గిట్ల ఉర్కినవార?" అన్నది సత్యమ్మ.

దామోదర్ ఫోను చేస్తే కామారెడ్డి నుంచి పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై రామ్లి చెయ్యి పట్టుకోబోతే గంగామణి అడ్డం నిలిచింది. "ఆమెను తోల్కొచ్చింది నేను. నన్ను తీస్కపో." తీసుకుపోవడానికి వాళ్ళకేం మొహమాటం? జబ్బ పట్టి ఈడ్చారు. రామ్లి ఏదో అనబోయి, దగ్గు తెరలో మాట రాక, అక్కడే కూలబడింది.

"బాబూలాల్! మిషను ఆగొద్దు!" దామోదర్ అరిచాడు.

బాబూలాల్ రామ్లిని చూశాడు. ఎర్ర బొత్తాం నొక్కాడు.

కాగితం ఆగిపోయింది. తెల్లటి పూత అంచులు దాటి నేల మీద కారింది. మిషను మోత పోయేసరికి, ఇన్నాళ్ళూ గోడ అవతలే ఉండిపోయిన దగ్గు ఆ గది నిండా వినిపించింది. రామ్లిది, సత్యమ్మది, వెనకాల ఇంకెవరిదో. పోలీసులు కూడా ఆగి విన్నారు.

"నన్ను గూడ ఎక్కియ్యి సారూ," అన్నాడు బాబూలాల్. "రామ్లి పనిల చేరి, ఆ ఫ్యాను తిరిగినంకనే గిది తిరుగుతది."

మిగతా ఆడవాళ్ళూ ఎక్కేసరికి వ్యాను నిండిపోయింది. అది గేటు దాటే వేళకు పక్కనున్న రాజంపేట నుంచి వచ్చిన ఆటోలు రెండో షిఫ్టు వాళ్ళను దింపుతున్నాయి.

"ఏందక్కా, ఏమైంది?" అని అడిగారు వాళ్ళు.

గంగామణి కిటికీ జాలీకి మొహం ఆనించి జరిగిందంతా గట్టిగా చెప్పింది. విన్నవాళ్ళలో ఒక్కరూ లోపలికి పోలేదు. వ్యాను ముందే రోడ్డు మీద కూచున్నారు.