ఐరీన్ సీటు

లొరెయిన్ దూబెక్ ఏడో వరస తుడుస్తోంది. మడిచి ఉన్న సీటును ఎడమ చేత్తో కిందికి వంచి, కుడిచేతిలోని గుడ్డతో ఒక్క లాగు లాగి వదిలేస్తే, అది టప్పుమని పైకి లేస్తుంది. మళ్ళీ పక్కది. తెల్లవారుజామున కురిసిన వాన చెమ్మ ఇంకా సీట్ల ఇనుప చేతుల మీద ఉంది. సరస్సు వైపు నుంచి గాలి వీస్తోంది కానీ ఆగస్టు ఉక్క తగ్గలేదు. గేట్లు తెరవడానికి ఇంకా నలభై నిమిషాలుంది.

ఆమెకి అరవై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. ఇరుసుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్ళు గంగాళాలు ఎత్తిన భుజాలవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ బేస్‌బాల్ స్టేడియంలో చేరింది. జనానికి సీట్లు చూపించడం, తుడవడం, మెట్ల మీద నిలబడేవాళ్ళని కూర్చోబెట్టడం, ఇంతే పని. ఇరవై ఆరు సీజన్లుగా నూట పద్దెనిమిదో సెక్షన్ ఆమెదే. పెళ్ళి చేసుకోలేదు. అక్క పౌలీన్‌తో కలిసి రెండు గదుల వాటాలో ఉంటుంది. సెలవలకి ఎక్కడికీ వెళ్ళలేదు, ఎందుకంటే సెలవలన్నీ బేస్‌బాల్ ఆడే కాలంలోనే వచ్చేవి. ఈ సెక్షన్ మెట్లలో ఏది అంచు విరిగిందో, ఏ సీటు కిర్రుమంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. బఫలో స్టీమర్స్ జట్టు గెలిచిన రోజుల్లో ఆ మెట్లు ఆమెకి తేలిగ్గా ఉండేవి. ఈ నాలుగేళ్ళుగా బరువెక్కాయి.

సూపర్‌వైజర్ ట్రెంట్ చీటీ పట్టుకుని కిందికి దిగొచ్చాడు.

"ఏడో వరస, పన్నెండో సీటు. మన బ్రితో ఉన్నాడుగా, వాళ్ళమ్మ. నిన్న రాత్రే విమానం దిగిందట. ఎవరికీ చెప్పకు, కాస్త కనిపెట్టుకుని ఉండు."

లొరెయిన్ చేతిలో గుడ్డ ఆగింది. "ఇంటివాళ్ళు కూర్చోడానికి పైన అద్దాల గది ఉంది కదా బాబూ."

"వద్దందట. కొడుకుని దగ్గర్నుంచి చూస్తానందట."

"ఈ రోజా? ఎదురుగా బంతి వేసేది ఎవరో తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాడు ట్రెంట్, మెట్లెక్కిపోతూ. "మనం టికెట్ ఆపలేం కదా."

బంతి వేసేది డేల్ కోవాచ్. పక్కనున్న లాకవానాలో పుట్టినవాడు. ఎనిమిదేళ్ళు ఈ మైదానంలో ఈ జట్టుకే వేశాడు. మూడేళ్ళ కాంట్రాక్టు అడిగితే యాజమాన్యం, "ముప్పై ఒకటి దాటింది, చేతిలో ఇంకెంత బలముంటుంది" అని వదిలేసింది. అదే చలికాలంలో బ్యాటు పట్టే ఎలియాస్ బ్రితోకి ఏడేళ్ళ పెద్ద కాంట్రాక్టు రాసిచ్చింది. కోవాచ్ వెళ్ళిన జట్టు ఇప్పుడు పట్టికలో మొదట ఉంది. బ్రితో మోకాలు మొదటి ఏడాదే వాచింది. ఇది నాలుగో ఏడాది. స్టీమర్స్ అట్టడుగున ఉన్నారు. ఊళ్ళో మంగలి దుకాణంలోనైనా, చర్చి మెట్ల మీదైనా ఇప్పుడు 'ఏడేళ్ళు' అంటే చాలు, దేని గురించో ఇంకెవరూ అడగరు.

పన్నెండో సీటుని లొరెయిన్ రెండుసార్లు తుడిచింది. అది ఐరీన్ సీటు.

ఐరీన్, గస్ తోమ్‌చిక్ భార్య. పదకొండులో గస్, పన్నెండులో ఐరీన్, ముప్పై ఒక్క ఏళ్ళు. ఆవిడ పోయాక కూడా గస్ రెండు టికెట్లూ కొంటూనే ఉన్నాడు. పన్నెండో సీటు మీద కోటు మడిచి పెట్టుకునేవాడు. ఈ ఏడు టికెట్ ధరలు మళ్ళీ పెంచారు. పిండిమిల్లు పెన్షన్‌తో రెండు కొనలేకపోయాడు. ఏప్రిల్‌లో మొదటి ఆటకి వచ్చి, "మా ఐరీన్ సీటు కూడా ఆ బ్రితో మోకాలికే సమర్పణ అయిపోయింది" అన్నాడు. ఆ రోజు నుంచి బ్రితో పేరు వింటే ఆమెకి ఒళ్ళు మండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. స్టేడియం పనివాళ్ళ చొక్కా వేసుకున్నవాళ్ళు అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు.

గేట్లు తెరిచిన పది నిమిషాలకే గస్ వచ్చాడు. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉంటాడు. చెవుల్లో తెల్లవెంట్రుకలు. సంకలో వేయించిన వేరుశనగకాయల సంచి.

"ఏంటి లొరెయిన్, మన స్టీమర్ పడవ ఇంకా తేలుతోందా?"

"ఇంకా మునగలేదు."

"మునగడానికి నీళ్ళేవి? అడుగున బురదలో కూర్చుంది." సీట్లో కూలబడ్డాడు. "ఈ రోజు నేను మన జట్టుకి చప్పట్లు కొట్టను. కోవాచ్‌కి కొడతాను. నన్ను బయటికి పంపుతావా?"

"చప్పట్లకి పంపరు. మాటలు మాత్రం కాస్త చూసుకో గస్. ఈ రోజొక్కటీ."

"ఏం, ఈ రోజేంటి ప్రత్యేకం?"

చెప్పేద్దామా అని ఆమె నోటిదాకా వచ్చింది. ఇంతలో పై మెట్టు మీద ఒకావిడ టికెట్‌ని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి కనిపించింది.

అరవై దాటి ఉంటాయి. చామనఛాయ. చర్చికి వేసుకునే లాంటి ముదురు నీలం గౌను, మెడలో చిన్న శిలువ. కొడుకు నంబరున్న చొక్కా గానీ టోపీ గానీ లేవు. లొరెయిన్ చెయ్యి అందిస్తే పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. "గ్రాసియాస్" అని స్పానిష్‌లో థాంక్స్ చెప్పింది, సీట్లో కూర్చున్నాక. మైదానం వంక చూసి, ఇది నిజంగానే ఇంత దగ్గరా అన్నట్టు నవ్వింది.

గస్ మర్యాదస్థుడు. టోపీ తీసి పలకరించాడు. ఆమెకి ఇంగ్లీషు అంతంతమాత్రమని తెలిశాక వేరుశనగల సంచి ఆమె వైపు వంచాడు. ఆమె గుప్పెడు తీసుకుంది. కాయలు ఒలిచి, పలుకుల్లో సగం తిరిగి అతని అరచేతిలో పోసింది. గస్ ఆ పలుకుల్ని కాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఐరీన్ కూడా అలాగే ఒలిచిపెట్టేది. లొరెయిన్ మెట్ల మీద నిలబడి అది చూసింది. ఆట మొదలవకుండా ఉంటే బాగుండుననిపించింది.

తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో రెండోదాంట్లో బ్రితో బ్యాటుతో వచ్చాడు. మైకులో పేరు చదివీ చదవగానే స్టేడియం అంతా ఒక్క గొంతుతో మూలిగింది. కోవాచ్ మూడు బంతులు వేశాడు. మూడింటికీ బ్యాటు గాలినే కొట్టింది. జనం లేచి, తమ ఆటగాణ్ణి అవుట్ చేసిన అవతలివాడికి చప్పట్లు కొట్టారు.

"చూశావామ్మా," అన్నాడు గస్, పక్కావిడకి అర్థమవుతుందో లేదో పట్టించుకోకుండా. "ఉంచుకోవాల్సినవాణ్ణి తరిమేసి, తరిమేయాల్సినవాడికి ఏడేళ్ళు రాసిచ్చారు. మా యజమాని తెలివి అది. గుర్రాన్ని అమ్మేసి గాడిదని కొన్నట్టు."

ఆవిడ తలూపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అయిదో ఇన్నింగ్స్‌లో మూడు బేసుల మీదా పరుగుకి సిద్ధంగా మనవాళ్ళే ఉన్నారు. ఒక్క దెబ్బ పడితే ఆట తిరిగిపోతుంది. మళ్ళీ బ్రితో. సెక్షన్ అంతా ఆశగా లేచింది. ఆ క్షణంలో లొరెయిన్ కూడా మెట్ల పిట్టగోడని గట్టిగా పట్టుకుని, 'కొట్టరా, ఒక్కటి కొట్టు' అని లోపల్లోపల అంది. బ్రితో బంతిని నేల మీదుగా నేరుగా ఎదుటివాడి చేతికే పంపాడు. ఒక్క దెబ్బకి ఇద్దరు అవుట్.

అరుపులు అప్పుడు మొదలయ్యాయి. పై వరసల్లో ఎవరో, "ఏడేళ్ళు" అన్నారు. రెండు చప్పట్లు. మళ్ళీ "ఏడేళ్ళు". కాసేపటికి సెక్షన్లు సెక్షన్లే అందుకున్నాయి. కాళ్ళ కింద సిమెంటు అదిరింది. గస్ లేచి, చేతులు నోటి దగ్గర దొప్పలా పెట్టి అరిచాడు.

"ఒరేయ్ బ్రితో, ఆ కాలు పూర్తిగా విరగ్గొట్టుకుని ఇంటికి పోరా. మమ్మల్ని వదిలెయ్."

లొరెయిన్ రెండు మెట్లు దిగి అతని భుజం మీద చెయ్యి వేసింది. "గస్, కూర్చో."

"ఏం, అబద్ధమా? నువ్వు చెప్పు. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నావు. నీకు కడుపు మండట్లేదా?"

"మండుతోంది. కూర్చో."

అతను కూర్చున్నాడు. పక్కావిడ అతని ముఖంలోకి చూడలేదు. కానీ సంచి ఆమె వైపు జరిపితే ఈసారి తీసుకోలేదు. గస్‌కి అది ఎండ బాధ అనిపించింది. "నీళ్ళు కావాలా?" అని సైగ చేశాడు. ఆమె వద్దని తల అడ్డంగా ఊపింది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బ్రితో మూడోసారి వచ్చేసరికి జనం సగం నవ్వుతున్నారు, సగం పళ్ళు నూరుతున్నారు. కోవాచ్ వేసిన రెండో బంతి బ్యాటు అంచుకి తగిలి నెమ్మదిగా దొర్లుకుంటూ పోయింది. మామూలుగా అయితే అలాంటి బంతికి బ్రితో మొదటి బేసు వైపు నాలుగడుగులు వేసి ఊరుకుంటాడు. అందుకూ తిట్లు పడ్డాయి అతనికి. ఈసారి పరిగెత్తాడు. తల వంచి, పిడికిళ్ళు బిగించి, ఇరవై ఏళ్ళ కుర్రాడిలా పరిగెత్తాడు. ఏడో వరస ఎదురుగా వచ్చేసరికి కుడి మోకాలు పక్కకి వంగింది. ఎవరో కాళ్ళ కింద నేల లాగేసినట్టు ముందుకి పడ్డాడు. లేవలేదు.

ముందు వినిపించినవి చప్పట్లే. పై నుంచి, పక్క నుంచి, ఒకటీ అరా కాదు, వందలు. పీడ విరగడైందన్న చప్పట్లు. లొరెయిన్ అరచేతులు కూడా ఒకదానికొకటి తగిలాయి. ఒక్కసారే. హమ్మయ్య అనుకుంది. అనుకున్నట్టు తెలిసేలోపే అనుకుంది. తర్వాత తన చేతుల్ని తాను చూసుకుంది.

పన్నెండో సీటు టప్పుమని పైకి లేచింది. ఆవిడ నిలబడి ఉంది. అరవలేదు. "ఎలీ," అంది మామూలు గొంతుతో, పక్కగదిలో ఉన్న కొడుకుని పిలిచినట్టు. గస్ వైపు తిరిగి, దారి ఇమ్మన్నట్టు చెయ్యి చాపి, "మి ఇహో" అంది. అతను అర్థం కాక చూస్తుంటే వెతుక్కుని ఇంగ్లీషులో చెప్పింది. "నా కొడుకు."

గస్ లేచి పక్కకి ఒదిగాడు. అతని ఒళ్ళోంచి తొక్కలన్నీ నేల మీద రాలాయి.

లొరెయిన్ అప్పటికే వరస దగ్గరికి వచ్చేసింది. ఆవిడ మణికట్టు పట్టుకుంది. నాడి వేళ్ళ కింద కొట్టుకుంటోంది. ఇద్దరూ ఏడు మెట్లూ దిగారు. అడుగున మైదానంలోకి చిన్న గేటు ఉంది. ఆట జరుగుతుండగా దాన్ని ఎవరికీ తియ్యకూడదు, ఈ ఉద్యోగంలో మొదటి రోజు చెప్పే మొదటి మాట అదే. లొరెయిన్ ఆ గేటుకి వీపు ఆనించి ఎంతమంది తాగుబోతుల్ని ఆపిందో లెక్కలేదు. గొళ్ళెం పైకెత్తి గేటు తోసింది.

"వెళ్ళమ్మా."

ఆవిడ గడ్డి మీద నడిచింది. కావలివాడు ఒకడు అటువైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. అంపైర్ చెయ్యెత్తి అతన్ని ఆపాడు. కోవాచ్ అప్పటికే బ్రితో పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆవిణ్ణి చూసి, లేచి, టోపీ తీసి, మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆవిడ కూర్చుని కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. చప్పట్లు ఎప్పుడు ఆగాయో ఎవరికీ తెలీదు. పాతిక వేల మంది ఉన్న చోట, జెండా తాడు స్తంభానికి కొట్టుకునే చప్పుడు వినిపించింది.

బండి వచ్చి ఇద్దర్నీ తీసుకుపోయింది. ఆట మళ్ళీ మొదలైంది. స్టీమర్స్ ఓడిపోయారు.

జనం వెళ్ళిపోతుండగా ట్రెంట్ వచ్చాడు. ముఖం తిప్పుకుని మాట్లాడాడు.

"వీడియో అప్పుడే అందరి ఫోన్లలో ఉంది. ఆఫీసు నుంచి పిలుపొచ్చింది నాకు."

"వస్తుందనుకున్నాను."

"గేటు తియ్యకపోతే ఏమయ్యేది? రెండు నిమిషాలకి మనవాళ్ళే తీసుకెళ్ళేవాళ్ళుగా."

"రెండు నిమిషాలు ఆవిడ ఆ చప్పట్ల మధ్య నిలబడాలి కదా బాబూ."

ట్రెంట్ చెయ్యి చాపాడు. "రేపు రాకు. ఫోన్ చేస్తారు."

చెయ్యరని ఇద్దరికీ తెలుసు. లొరెయిన్ మెడలోంచి గుర్తింపు కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. తాడుకి చిక్కుకున్న తన తెల్లవెంట్రుకని మాత్రం వేలితో విడదీసుకుంది.

గస్ ఇంకా సీట్లోనే ఉన్నాడు. ఆమె వచ్చి ఒక వరస పైన కూర్చుంది. ఇరవై ఆరేళ్ళలో ఈ సెక్షన్‌లో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఆవిడెవరో నీకు ముందే తెలుసు," అన్నాడు అతను, తల తిప్పకుండా.

"తెలుసు."

"చెప్పొచ్చుగా."

"చెప్పకూడదు. రూలు."

"గేటు తియ్యడం రూలా?"

"కాదు."

కొంతసేపు మైదానం మీద నీళ్ళు చల్లేవాళ్ళని చూశారు. గస్ గొంతు సవరించుకున్నాడు. "కాలు విరగ్గొట్టుకోమన్నాను. ఆవిడ పక్కన కూర్చుని. ఆవిడ ఒలిచిచ్చిన పలుకులు తిని."

"నేను చప్పట్లు కొట్టాను గస్."

అతను అప్పుడు తిరిగి చూశాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి లేచాడు. ఇరవై ఆరేళ్ళుగా వెళ్ళేటప్పుడు ఆమెతో 'రేపు కలుద్దాం' అనేవాడు. ఈ రోజు అనలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి, పైన నీడలోకి వెళ్ళిపోయాడు.

లొరెయిన్ కూడా లేచింది. అలవాటు కొద్దీ వరసలో వంగి, ఎవరైనా ఏదైనా మర్చిపోయారేమో చూసింది. పన్నెండో సీటు కింద, పాదాలకి బిగువై విప్పుకున్నట్టుగా, ఒక జత నల్ల బూట్లు ఉన్నాయి. రెండూ మైదానం వైపు తిరిగి, పక్కపక్కనే ఒద్దికగా పెట్టి ఉన్నాయి. కొత్తవి. ఎత్తి చూస్తే, ఒకదాని అడుగున దుకాణం వాళ్ళు అంటించిన సైజు కాగితం ఇంకా ఊడలేదు.